మార్ఖా లోయ ట్రెక్‌కు విజయవాడ నుంచి సామాను సర్దుకునే విధానం

విజయవాడ, గుంటూరు రెండూ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న ఊళ్ళు. లదాఖ్‌లోని లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడికి దగ్గరలో మొదలయ్యే మార్ఖా లోయ నడక దారి చిల్లింగ్, స్కియు, మార్ఖా, హంకర్ గ్రామాల మీదుగా సుమారు 4,800 మీటర్ల ఎత్తులో ఉన్న నిమాలింగ్ మైదానానికి చేరి, 5,200 మీటర్ల దరిదాపుల్లోని కొంగ్‌మారు లా కనుమను దాటి, చొక్‌దో వైపు దిగుతుంది. మనం ఇక్కడ పీల్చే గాలి పీడనంతో పోలిస్తే లేహ్‌లో ఉండేది దాదాపు 65 శాతమే. కనుమ మీద అది సగానికి కొంచెం పైన ఉంటుంది. లోయలోకి ప్రవేశించిన తరువాత మందుల షాపు గాని, బూట్లు కొనుక్కునే అంగడి గాని, నమ్ముకోదగిన ఫోన్ సిగ్నల్ గాని ఉండవు. అందువల్ల ఇంట్లో సర్దుకునేటప్పుడు తీసుకునే ప్రతి నిర్ణయం అక్కడ చివరి నిర్ణయం అవుతుంది.

మన ప్రాంతం వారు ఈ ప్రయాణానికి సిద్ధమయ్యేటప్పుడు సాధారణంగా చలి ఒక్కటే గుర్తుపెట్టుకుని, ఆ భయంతో ఇంట్లో ఉన్న స్వెట్టర్లు, శాలువాలు, మంకీ క్యాపులు అన్నీ సంచిలో కుక్కుతారు. దానికంటే మేలైన పద్ధతి ఒకటుంది. తీసుకెళ్ళవలసిన వస్తువులను ముందుగా రెండు రకాలుగా విడదీయాలి. బూట్లు, సంచి బరువు, వానకోటు, మందులు, తిండి మొదలైనవి విజయవాడలోనే వాడి చూసి నిర్ధారించుకోగలిగినవి. చలిని ఆపే జాకెట్టు, స్లీపింగ్ బ్యాగ్, కంటి అద్దాలు వంటివి ఇక్కడ ఎంత ప్రయత్నించినా పరీక్షించలేనివి. మొదటి రకంలో ఏ ఒక్కటీ వాడి చూడకుండా సంచిలోకి వెళ్ళకూడదు. రెండో రకాన్ని అంచనాతోనో, చేతికి తగిలే మందం చూసో కొనకూడదు. వాటిమీద ముద్రించిన ప్రమాణాలను చదివి కొనాలి, లేదా లేహ్‌లో అద్దెకు తీసుకోవాలి. ఈ వ్యాసంలో మిగిలినదంతా ఈ విభజన మీదే ఆధారపడి ఉంది.

పాదాలు

అన్నిటికంటే ముందు, కనీసం రెండు నెలల ముందుగా కొనవలసినవి బూట్లు. చీలమండను పట్టి ఉంచేవి, అడుగు గట్టిగా ఉండేవి, నీరు లోపలికి రానివి ఎంచుకోవాలి. నడిచేకొద్దీ పాదాలు కొంత ఉబ్బుతాయి కనుక సాయంత్రం పూట, ట్రెక్‌లో వేసుకోబోయే మందపు ఉన్ని సాక్సుతోనే కొలత చూసుకోవాలి. లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు జరిపితే మడమ వెనుక ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. ఈ ఖాళీ ఎందుకంటే, కొంగ్‌మారు లా దాటిన రోజున ఒకే రోజులో వెయ్యి మీటర్లకు పైగా కిందికి దిగవలసి ఉంటుంది. బూటు బిగుతుగా ఉంటే ప్రతి అడుగుకూ కాలివేళ్ళు ముందుభాగానికి కొట్టుకుని, సాయంత్రానికి గోళ్ళు నల్లబడతాయి. బయలుదేరే ముందు గోళ్ళు కత్తిరించుకోవడం కూడా సర్దుకోవడంలో భాగమే.

కొత్త బూట్లను కాళ్ళకు అలవాటు చేయడానికి మనకు కొండలు కొదవలేవు. కొండపల్లి ఖిల్లా దారి, గుంటూరు వైపు వారికి కొండవీడు కోట దారి ఇందుకు బాగా సరిపోతాయి, ఎందుకంటే అక్కడ ఎక్కడం ఎంత ఉందో దిగడమూ అంతే ఉంది, రాళ్ళదారీ దొరుకుతుంది. ఇంద్రకీలాద్రి, మంగళగిరి మెట్లు ఊపిరికి మంచి సాధనే గాని అక్కడ పాదరక్షలతో ఎక్కకూడదు కనుక బూట్ల పరీక్షకు పనికిరావు. వేసవిలో తెల్లవారుజామునే వెళ్ళి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. ట్రెక్‌లో మోయబోయే సంచిని అంతే బరువుతో వీపున వేసుకుని నడవాలి. ఖాళీ వీపుతో నడిచినప్పుడు నొప్పి తెలియని బూటు, ఆరేడు కిలోల బరువు పడగానే ఎక్కడ ఒరుసుకుంటుందో చెబుతుంది. ఒరుసుకున్న చోటును గుర్తుంచుకుని, ట్రెక్‌లో ప్రతి ఉదయం ఆ చోట ముందుగానే ప్లాస్టర్ అంటించుకోవాలి.

కొన్నేళ్ళుగా అల్మరాలో దాచి ఉంచిన పాత బూట్ల విషయంలో ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. చాలా బూట్ల అడుగు పొరను పాలీయురితేన్ అనే పదార్థంతో తయారుచేస్తారు. గాలిలోని తేమ వల్ల అది వాడకపోయినా లోలోపల విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. కోస్తా తేమలో ఉన్న మన ఇళ్ళలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పైకి కొత్తవిగా కనిపించే బూటు కొండ మీద రెండో రోజున అడుగు ఊడి చేతికి వస్తుంది. బంధువుల దగ్గర అరువు తెచ్చుకున్న బూట్లకూ ఇదే వర్తిస్తుంది. అడుగు పొరను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. పొడి రాలినా, సన్నని పగుళ్ళు కనిపించినా వాటిని తీసుకెళ్ళకూడదు. ఏ బూట్లు వేసుకున్నా, గట్టిగా అంటుకునే డక్ట్ టేపును నీళ్ళ సీసా చుట్టూ రెండు మూడు మీటర్లు చుట్టి ఉంచుకుంటే, ఊడిన అడుగుకే కాక చిరిగిన జాకెట్టుకు, విరిగిన ఊతకర్రకు కూడా పనికివస్తుంది.

మార్ఖా లోయలో నదిని, వాగులను కాలినడకన దాటవలసిన చోట్లు ఉండవచ్చు. మంచు కరిగి వచ్చే నీరు మధ్యాహ్నానికి పెరుగుతుంది కాబట్టి ఉదయమే దాటుతారు. ఆ నీటి చల్లదనానికి పాదాలు క్షణాల్లో మొద్దుబారతాయి. వెనుక పట్టీ ఉన్న చెప్పులు ఇందుకోసం తప్పనిసరి. రబ్బరు హవాయి చెప్పులు ప్రవాహంలో కాలి నుంచి జారి కొట్టుకుపోతాయి. ఉన్ని సాక్సులు మూడు జతలు చాలు. అందులో ఒక జతను రాత్రి నిద్రకు మాత్రమే, పూర్తిగా పొడిగా ఉంచుకోవాలి. మోకాళ్ళకు ఊతమిచ్చే ట్రెకింగ్ కర్రలు రెండు తీసుకెళ్ళాలి. ఇవి విమానంలో చెక్-ఇన్ సామానులో మాత్రమే వెళ్ళాలి.

బట్టలు

మంగళగిరి నేతను కట్టి పెరిగిన మనకు నూలు బట్ట మీద ఉన్న ప్రేమ సహజమైనదే. అయితే వేడి ఊళ్ళో నూలును మంచి బట్టగా చేసిన గుణమే, అంటే చెమటను పీల్చి తనలో నిలుపుకునే గుణమే, ఎత్తైన చోట ప్రమాదకరం. ఎక్కేటప్పుడు తడిసిన నూలు చొక్కా కనుమ మీద గాలికి ఒంటిలోని వేడిని లాగేస్తుంది, అది ఆరడానికి చాలా సేపు పడుతుంది. బనియన్లు, లోదుస్తులతో సహా ఒంటికి తగిలే ప్రతి బట్టా సింథటిక్‌దిగానో, మెరీనో ఉన్నిదిగానో ఉండాలి. దీన్ని ఇక్కడే పరీక్షించవచ్చు. ఒకనాడు నూలు టీషర్టుతో, మరొకనాడు సింథటిక్ టీషర్టుతో ప్రకాశం బ్యారేజీ మీదుగా ఒక గంటసేపు వేగంగా నడిచి వచ్చి, తడిసిన రెంటినీ ఫ్యాను కింద ఆరవేసి చూస్తే, ఎవరూ ఇంకేమీ వివరించనక్కరలేదు. జీన్స్ ప్యాంటు మాత్రం లేహ్ హోటలు దాటి ముందుకు రాకూడదు.

చలికి ఒకే మందపాటి కోటు కంటే మూడు పొరలు మేలు. ఒంటికి అంటి ఉండే థర్మల్ పొర చెమటను బయటికి పంపుతుంది. దానిపైన ఫ్లీస్ అనే మెత్తని నూగు గల సింథటిక్ బట్టతో చేసిన చొక్కా వేడిని పట్టి ఉంచుతుంది. పైన వేసుకునే సన్నని వానకోటు గాలిని, నీటిని ఆపుతుంది. నడిచేటప్పుడు ఇందులో ఒకటో రెండో ఉంటాయి. ఆగిన వెంటనే, చెమట చల్లారకముందే, అన్నిటికీ పైన ఈకలతో నింపిన డౌన్ జాకెట్టు వేసుకోవాలి. చలి అనిపించాక వేసుకోవడం ఆలస్యమైనట్టే. నడకకు రెండు టీషర్టులు, రెండు ప్యాంట్లు, నిద్రకు ఒక జత థర్మల్స్, ఒక ఫ్లీస్, ఒక డౌన్ జాకెట్టు, వానకోటు, వాన ప్యాంటు ఉంటే వారం రోజుల నడకకు సరిపోతాయి. రోజుకొక జత చొప్పున సర్దుకునే అలవాటు పెళ్ళిళ్ళకు మంచిదే గాని, ఇక్కడ ఆ బరువు ఎవరో ఒకరు, మనమో గుర్రమో, మోయవలసి ఉంటుంది. చున్నీకి బదులు మెడ చుట్టూ, ముక్కు మీదికి లాక్కునే గొట్టం లాంటి బఫ్ గుడ్డ ఆడవారికీ మగవారికీ ఒకే విధంగా ఉపయోగపడుతుంది. ఆ పొడిగాలిలో గొంతు ఎండిపోకుండా కూడా కాపాడుతుంది.

లదాఖ్ చల్లని ఎడారి అని, అక్కడ వాన పడదని చెప్పి వానకోటును వదిలేయమనే సలహా వినిపిస్తూ ఉంటుంది. లేహ్‌లో ఏడాది వర్షపాతం సుమారు వంద మిల్లీమీటర్లే అన్నది నిజమే. కానీ 2010 ఆగస్టులో అదే లేహ్ పరిసరాలలో కుంభవృష్టి, వరదలు వచ్చి రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వానకోటును మాత్రం తీసివేయకండి. పైగా అది మన ఊళ్ళో పరీక్షించగలిగిన వస్తువు. నైరుతి వాన జోరుగా కురిసే రోజున వేసుకుని అరగంట డాబా మీద నిలబడి, భుజాల కుట్ల దగ్గర నీరు లోపలికి వస్తున్నదేమో చూడండి.

డౌన్ జాకెట్టు కొనడానికి మాత్రం విజయవాడ అంగళ్ళలో తిరగడం కంటే లేహ్ ప్రధాన బజారులో గాని, చాంగ్‌స్పా దారిలో గాని అద్దెకు తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏడాదికి వారం రోజులు మాత్రమే అవసరమయ్యే వస్తువు అది, మిగిలిన కాలమంతా మన తేమలో పాడవుతుంది. స్లీపింగ్ బ్యాగుకూ ఇదే మాట. సొంతంగా ఉన్నవారు వాటిని చిన్న సంచిలో నొక్కి దాచకుండా, వదులుగా వేలాడదీసి, వర్షాకాలం తరువాత పూర్తిగా ఆరబెట్టాలి.

చేతులకు సన్నని గ్లవ్స్ ఒకటి, వాటిమీద గాలి ఆపే మందపువి మరొకటి. తలకు చెవులు మూసే ఉన్ని టోపీ, పగటికి అంచు వెడల్పుగా ఉన్న ఎండ టోపీ.

రాత్రి

జూలై, ఆగస్టు నెలల్లో కూడా నిమాలింగ్‌లో రాత్రి ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి చేరుతుంది. సెప్టెంబరులో ఇంకా కిందికి పోతుంది. స్లీపింగ్ బ్యాగ్ చీటీ మీద సాధారణంగా మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. మొదటిది హాయిగా నిద్రపట్టే కంఫర్ట్ ఉష్ణోగ్రత, రెండోది ముడుచుకుని ఎలాగో గడపగలిగే లిమిట్, మూడోది ప్రాణం నిలవడానికి మాత్రమే సంబంధించిన ఎక్స్‌ట్రీమ్. అంగడివారు తరచుగా మూడో అంకెనే పెద్ద అక్షరాలతో చూపిస్తారు. మనం చూడవలసినది మొదటి అంకె. అది మైనస్ 5 నుంచి మైనస్ 10 డిగ్రీల మధ్య ఉండాలి. 30 డిగ్రీల రాత్రుల్లో ఫ్యాను కింద నిద్రపోయే శరీరాలు మనవి కనుక, రెండు అంకెల మధ్య సందేహం కలిగితే చల్లనిదానికి పనికివచ్చేదాన్నే ఎంచుకోవాలి.

పైన కప్పుకునేది ఎంత మంచిదైనా, కింద పరుచుకునేది పలచగా ఉంటే నేల ఒంటిలోని వేడిని లాగుతుంది. అందుచేత డేరాలో పడుకునే చోట్లకు ఫోమ్ చాప గాని, గాలి పరుపు గాని ఉన్నదో లేదో ఏర్పాట్లు చేసే వారిని ముందే అడగాలి. గ్రామాల్లోని ఇళ్ళలో బస చేసినప్పుడు పరుపులు, దుప్పట్లు ఇస్తారు. అక్కడ లోపల దూరి పడుకునే సన్నని సిల్కు సంచి, అంటే లైనర్, ఒక్కటి ఉంటే శుభ్రతకు సరిపోతుంది.

ఎండ

45 డిగ్రీల వేసవిని చూసినవారికి ఎండ గురించి కొత్తగా చెప్పేదేముందని అనిపించవచ్చు. కానీ మన ఎండ వేడితో బాధిస్తుంది, అక్కడి ఎండ అతినీలలోహిత కిరణాలతో బాధిస్తుంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఈ కిరణాల తీవ్రత సుమారు 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. గాలి చల్లగా ఉండటం వల్ల చర్మం కాలుతున్న సంగతి సాయంత్రం దాకా తెలియదు. నల్లని చర్మానికి సన్‌స్క్రీన్ అక్కరలేదన్న మాట అక్కడ చెల్లదు. ఎస్‌పీఎఫ్ 50 ఉన్నది రెండు మూడు గంటలకొకసారి, చెవుల మీద, మెడ వెనుక, నేల నుంచి వెనక్కి తగిలే వెలుగు వల్ల ముక్కు కింద కూడా రాసుకోవాలి. పెదవులకు ఎస్‌పీఎఫ్ ఉన్న లిప్ బామ్ వేరుగా ఉండాలి. కొబ్బరినూనె పెదవులకు ఎండ నుంచి రక్షణ ఇవ్వదు, పైగా లేహ్ చేరేసరికి సీసాలో గట్టిపడి బయటికి రాదు.

కంటి అద్దాలు యూవీ 400 రక్షణ, అంటే అతినీలలోహిత కిరణాలను ఆపే గుణం, ఉన్నవి, ప్రక్కల నుంచి వెలుగు రానివి కావాలి. రోడ్డు పక్కన అమ్మే నల్లద్దాలు రంగు మాత్రమే కలిగి ఉండి రక్షణ లేనివైతే, కంటిపాప విప్పారి ఇంకా ఎక్కువ హాని జరుగుతుంది. కనుమ మీద మంచు ఉంటే రక్షణ లేని కళ్ళు కొన్ని గంటల్లోనే వాచి, నీరు కారి, ఒకటి రెండు రోజులు చూపు ఆనని స్థితి వస్తుంది. చూపు అద్దాలు వాడేవారు వాటి పైన తొడిగేవో, తమ పవరుతో చేయించిన నల్లద్దాలో తీసుకెళ్ళాలి, అదనంగా ఒక మామూలు జత కూడా ఉండాలి.

మందులు, ఎత్తు జబ్బు

ఈ భాగాన్ని స్నేహితుల సలహాతో కాక, మీ ఆరోగ్యం తెలిసిన వైద్యుని సలహాతో సర్దుకోవాలి. కనీసం నెల ముందు వెళ్ళి, ఎంత ఎత్తుకు, ఎన్ని రోజులు వెళుతున్నారో చెప్పాలి. రక్తపోటు, చక్కెర వ్యాధి, ఉబ్బసం, గుండె సంబంధమైన ఏ ఇబ్బంది ఉన్నా దాచకూడదు. ఇన్సులిన్ వాడేవారికి మరొక సంగతి: ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, అందుచేత పగలు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో తమతోనే ఉంచుకోవాలి. చలిలో గ్లూకోమీటర్లు సరిగా చూపకపోవచ్చు కనుక దాన్నీ వెచ్చగా ఉంచాలి.

ఎత్తుకు పోయేకొద్దీ పలచబడే గాలికి శరీరం అలవాటు పడకముందే పైకి వెళితే వచ్చేదే ఎత్తు జబ్బు. దాన్ని నివారించడానికి వైద్యులు సాధారణంగా అసిటజోలమైడ్ అనే మందు రాస్తారు. పెద్దవారికి నివారణ మోతాదు తరచుగా 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. డయామాక్స్ పేరుతో చాలామందికి తెలిసిన మందు ఇదే. సల్ఫా మందులు పడనివారు ఆ విషయం వైద్యునికి తప్పక చెప్పాలి. దీన్ని వేసుకుంటే వేళ్ళ చివర్లు జివ్వుమనడం, మూత్రం ఎక్కువగా రావడం మామూలే. వైద్యుడు అంగీకరిస్తే ఒకటి రెండు మోతాదులు ఇంట్లో ఉన్నప్పుడే వేసుకుని చూడాలి. కొత్త మందుకు శరీరం ఎలా స్పందిస్తుందో తెలుసుకోవలసిన చోటు ఆసుపత్రి దగ్గరలో ఉన్న విజయవాడ, నిమాలింగ్ కాదు. దీనితోపాటు పారాసిటమాల్, వాంతులకు, విరేచనాలకు మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, వైద్యుడు రాసిన యాంటీబయాటిక్, దెబ్బలకు డెటాల్ వంటిది, గాజుగుడ్డ, క్రేప్ బ్యాండేజి ఉండాలి. రోజూ వేసుకునే మందులను మూడు రోజులకు అదనంగా, రెండు చోట్ల విడదీసి పెట్టాలి. నిద్రమాత్రలు, మద్యం ఎత్తులో శ్వాసను మందగింపజేస్తాయి కాబట్టి వాటికి సంచిలో చోటు లేదు.

ఏ మందు దేనికి, ఎప్పుడు, ఎంత అన్నది ఒక కాగితం మీద ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాసి మందుల సంచిలో పెట్టాలి. ఎత్తు జబ్బు తలకెక్కినవారు తమ మందు తాము వెతుక్కునే స్థితిలో ఉండరు, పక్కనున్న గైడుకు తెలుగు చదవడం రాదు. అదే కాగితం మీద ఈ లక్షణాలూ రాయండి: తలనొప్పితో పాటు వికారం, నీరసం ఉంటే అక్కడే ఆగాలి, ఇంకా పైకి ఎక్కకూడదు, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు తోడైనా, తూలి నడుస్తున్నా, మాట తడబడినా, రాత్రి అయినా సరే వెంటనే కిందికి దించాలి. అంగళ్ళలో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొద్ది నిమిషాలకే అయిపోతాయి, కిందికి దిగడానికి అవి ప్రత్యామ్నాయం కావు.

ఇంత సర్దుకున్నా, విమానంలో వచ్చినవారు లేహ్‌లో కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు విశ్రాంతిగా గడపకుండా లోయలోకి వెళ్ళకూడదు. మూడువేల మీటర్లు దాటాక నిద్రించే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెరగకుండా చూసుకోవాలన్నది వైద్యులు చెప్పే సాధారణ నియమం. సెలవు లెక్కలో ఈ రోజులు పట్టకపోతే, ఎత్తు తక్కువ ఉన్న మరో దారిని ఎంచుకోవడమే సరైనది.

తిండి

ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఆకలి మందగిస్తుంది. అదే సమయంలో శరీరానికి మామూలు కంటే ఎక్కువ తిండి అవసరమవుతుంది. నాలుక ఇష్టపడేది కొంచెమైనా వెంట ఉండటం అందుకే విలాసం కాదు. నిమాలింగ్ ఎత్తులో నీరు దాదాపు 84 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి కుక్కరు లేకుండా పప్పు ఉడకదు, అన్నం పలుకుగా ఉంటుంది. ఆ చప్పని అన్నంలోకి కందిపొడి, కరివేపాకు పొడి, రెండు చెంచాల గోంగూర పచ్చడి చేసే సహాయం అక్కడ కూర్చున్నప్పుడే తెలుస్తుంది. అయితే మొత్తం పచ్చడి, పొడులు కలిపి పావుకిలో దాటకూడదు. పచ్చడిని గాజు సీసాలో కాక, మూత బిగుతుగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దాన్ని రెండు జిప్ కవర్లలో వేసి, చెక్-ఇన్ సామానులోనే ఉంచాలి. చలికి వేరుశనగ నూనె పేరుకుంటుంది, తినే ముందు కాసేపు వేడినీటి గిన్నెలో ఉంచితే సరిపోతుంది. మొదటి రెండు రోజులు గుంటూరు కారాన్ని తగ్గించుకోవడం మంచిది, అప్పటికే సర్దుబాటుకు తంటాలు పడుతున్న కడుపుకు అది అదనపు భారం.

నడుస్తూ తినడానికి సున్నుండలు, బందరు లడ్డు, పల్లీ పట్టీ, ఖర్జూరం, జీడిపప్పు చాలా అనుకూలమైనవి: తక్కువ చోటులో ఎక్కువ శక్తి ఉంటుంది, వండే పని లేదు. జంతికలు, కారప్పూస చోటు ఎక్కువ తీసుకుని పొడి అవుతాయి. ఎండుకొబ్బరి చిప్పలను విమానంలో చెక్-ఇన్ సామానులో అనుమతించరు, ఇంట్లోవారు ప్రేమగా పెట్టినా తీసివేయక తప్పదు. రోజుకు ఒక పొట్లం చొప్పున విడదీసి, ప్రతి పొట్లం మీద రోజు పేరు రాసుకుంటే మొదటి రెండు రోజుల్లోనే అంతా అయిపోకుండా ఉంటుంది.

నీరు, మరుగుదొడ్డి, కరెంటు

రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు తాగాలి. వెడల్పు మూతి గల లీటరు సీసాలు రెండు మేలు. గొట్టంతో తాగే సంచుల్లో తెల్లవారుజామున గొట్టం గడ్డకడుతుంది. వాగునీటిని మరిగించి గాని, క్లోరిన్ మాత్రలు వేసి గాని, ఫిల్టరుతో వడకట్టి గాని తాగాలి. ఆ ఎత్తులో నీరు తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు మరగనివ్వాలి. చల్లని నీటిలో మాత్రలు పనిచేయడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఫిల్టరు ఒకసారి గడ్డకడితే లోపలి సన్నని గొట్టాలు పగిలి, పైకి తెలియకుండానే పనికిరాకుండా పోతుంది. రాత్రి దాన్ని కూడా స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోవాలి.

లదాఖీ ఇళ్ళలోని మరుగుదొడ్లు నీరు వాడనివి. మలం మీద మట్టి గాని బూడిద గాని వేస్తారు, అది ఎరువుగా మారి ఆ ఇంటివారి పొలానికే వెళుతుంది. శానిటరీ ప్యాడ్లు, వెట్ వైప్స్, ప్లాస్టిక్ అందులో వేస్తే ఆ ఎరువు పాడవుతుంది. టాయిలెట్ పేపరు, చేతులకు శానిటైజరు, వాడిన ప్యాడ్లు, చెత్త తిరిగి మోసుకురావడానికి ముదురురంగు జిప్ కవర్లు తగినన్ని పెట్టుకోండి. ఎత్తులో నెలసరి ముందుకో వెనక్కో జరగవచ్చు కనుక తేదీ దూరంగా ఉన్నా ప్యాడ్లు వెంట ఉండాలి.

హెడ్‌ల్యాంపు, అదనపు బ్యాటరీలు, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే తీసుకెళ్ళాలి, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. గ్యాస్ సిలిండర్లు, లైటర్లు, అగ్గిపెట్టెలు విమానంలోకి అసలే రావు, అవి లేహ్‌లో కొనుక్కోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లదాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉన్నవారి నంబరు ఇంట్లో ఇచ్చి వెళ్ళాలి. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. లోయలో ఏటీఎం లేదు కనుక నగదు లేహ్‌లోనే, చిన్న నోట్లుగా తీసుకోవాలి. ఆధార్ కార్డు నకళ్ళు నాలుగైదు ఉంచుకోండి.

సంచిలో అమరిక, తూకం

గన్నవరం నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కు వెళ్ళే విమాన టికెట్లలో చాలావాటికి చెక్-ఇన్ 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు పరిమితి ఉంటుంది. మీ టికెట్ మీద ఉన్నదాన్ని సరిచూసుకోండి. బూట్లు కాళ్ళకే వేసుకుని, మందులు, ఫ్లీస్, కంటి అద్దాలు చేతి సంచిలో పెట్టుకుంటే, పెద్ద సంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది ఉండదు. గుర్రాల మీద వేసే సామానుకు చక్రాలున్న సూట్‌కేసు పనికిరాదు. మెత్తని డఫెల్ సంచి కావాలి. దాన్ని యూరియా బస్తా లాంటి అల్లిక సంచిలో వేస్తే తాళ్ళ ఒరిపిడి నుంచి, బురద నుంచి కాపాడుతుంది. లోపల బట్టలన్నీ మందపాటి ప్లాస్టిక్ కవరులో ఉండాలి. సంచి మీద కప్పే తొడుగును మాత్రమే నమ్ముకుంటే గాలివానలో వీపు వైపు నుంచి నీరు దిగుతుంది.

మీరు మోసే సంచిలో బరువైనవి వీపుకు ఆనుకుని మధ్య ఎత్తులో, తేలికైనవి అడుగున, వానకోటు, గ్లవ్స్ అన్నిటికంటే పైన ఉండాలి. సన్‌స్క్రీన్, తిండి పొట్లం, బఫ్ గుడ్డ సంచి దించకుండా చేతికి అందాలి. బరువు భుజాల మీద కాక, నడుము పట్టీ మీద పడేలా బిగించుకోవాలి. గుర్రం ఉన్నప్పుడు ఈ సంచి ఏడు కిలోలు దాటకూడదు. అంతా మీరే మోస్తే మీ ఒంటి బరువులో అయిదో వంతు లోపల ఉండాలి.

బయలుదేరడానికి వారం ముందు అన్నిటినీ నేల మీద పరిచి, ఒక్కొక్కదాన్ని పట్టుకుని, ఇది ఎండకా, గాలికా, తడికా, రాత్రికా, జబ్బుకా అని అడగండి. ఏదో ఒకదానికి జవాబు చెప్పలేని వస్తువును పక్కన పెట్టండి. తరువాత సంచి సర్ది కాటా మీద పెట్టండి. ఆ బరువుతోనే మరొకసారి కొండపల్లి ఎక్కి దిగి వచ్చి, నడకలో ఒక్కసారైనా చేతికి అందనిదేదైనా ఉంటే దాని చోటు మార్చండి. తిరుగు ప్రయాణానికి కావలసిన శుభ్రమైన బట్టలను విడి సంచిలో పెట్టి, పేరు, ఫోన్ నంబరు రాసి, లేహ్‌లో బస చేసిన చోట అప్పగించి, అందులో ఏమున్నాయో రాసిన చీటీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.